డిసెంబరులో అప్పు చేయకుండా క్రిస్మస్ కానుకలు: ఆషాఢం నుండే కొనడం మొదలుపెడితే ఎలా ఉంటుంది?

నల్గొండ_టీచరమ్మ (నల్గొండ)

సభ్యులందరికీ నమస్కారం. ప్రకాశం బజారులో ఆషాఢం తగ్గింపుల బోర్డులు వెలిశాయి కాబట్టి ఈ విషయం ఇప్పుడే అడగడం మంచిదనుకున్నాను. మా కుటుంబంలో క్రిస్మస్‌కు కానుక ఇవ్వవలసిన వారు ఇరవై ఇద్దరు ఉన్నారు. అత్తగారు, మామగారు, ఇద్దరు ఆడపడుచుల కుటుంబాలు, మా పుట్టింటివారు, పిల్లలు, మా ఇంటి పనిలో చేదోడుగా ఉండే అక్క, అందరూ ఆ లెక్కలోకే వస్తారు. ప్రైవేటు పాఠశాల జీతం మీద ఒక్కొక్కరికి సగటున 150 రూపాయలకు మించి పెట్టలేను, అంటే మొత్తం 3,300 రూపాయలు. ఏడాది మొత్తం మీద చూస్తే ఇది మోయలేని ఖర్చు కాదు. అయితే కొత్త బట్టలు, పిండివంటలు, కేకు, చర్చి చందా, ఊరికి ప్రయాణం అన్నీ డిసెంబరులోనే మీద పడతాయి కాబట్టి, కానుకల దగ్గరికి వచ్చేసరికి చేబదులు తీసుకోవలసి వస్తోంది. పైగా 20వ తేదీ తర్వాత దుకాణాల్లో మిగిలిన వాటిలో ఏదో ఒకటి తీసుకోవడమే తప్ప, ఎవరికి ఏది నచ్చుతుందో ఆలోచించి కొనే వీలు ఉండదు. ముందుగా కొనే అలవాటున్న వారు ఏ నెలలో ఏది కొంటారో, కొన్నది చెడిపోకుండా ఎలా దాస్తారో వివరంగా చెప్పగలరా?

పాలమూరు_లెక్కలు (మహబూబ్‌నగర్)

టీచరమ్మ గారూ, వస్తువుల గురించి ఆలోచించే ముందు ఒక నోటుపుస్తకంలో ఇరవై రెండు పేర్లూ రాసి, ప్రతి పేరు ఎదుట పోయిన ఏడాది ఏమిచ్చారో, ఈ ఏడాది ఏమివ్వాలనుకుంటున్నారో, ఎంతలో ఇవ్వాలనుకుంటున్నారో మూడు గళ్లుగా గీసుకోండి. జాబితా లేకుండా ముందుగా కొనడం మొదలుపెట్టినవారు డిసెంబరు వచ్చేసరికి ఒకరికి రెండు కొని, మరొకరికి ఏమీ కొనకుండా ఉండడం నేను మా బంధువుల ఇళ్లలోనే చూశాను. జూలై నుండి నవంబరు వరకు ఐదు నెలలకు పంచితే మీ 3,300 రూపాయలు నెలకు 660 అవుతాయి, జీతం అందిన రోజునే ఆ మొత్తాన్ని వేరే కవరులో వేసి పెట్టుకోవచ్చు.

దీనికోసం పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ తెరవమని కొందరు సలహా ఇస్తారు. నెలకు 100 రూపాయలతోనే తెరవవచ్చు, అందులో సందేహం లేదు. కానీ దాని గడువు 5 ఏళ్లు కాబట్టి ఈ డిసెంబరు అవసరానికి అది పనికిరాదు. మహిళా సంఘం పొదుపులో ఉన్నవారు అదే సమావేశం రోజున కానుకల సొమ్మును కూడా వేరుగా జమచేసుకుంటే క్రమం తప్పకుండా ఉంటుంది.

తగ్గింపుల విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. మీరు కొనదలచిన వస్తువు ధరను ఆషాఢానికి ముందే ఒకసారి అడిగి రాసిపెట్టుకోండి. ముందు ధర పెంచి, ఆ పెంచిన ధర మీద సగం తగ్గించామని చెప్పే దుకాణాలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. మీ పుస్తకంలో పాత ధర రాసి ఉంటే ఆ తగ్గింపు నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

దేవరకొండ_పత్తిరైతు (దేవరకొండ)

లెక్కల అన్నగారూ, మీరు చెప్పిన పద్ధతి నెలజీతం వచ్చే ఇంటికి బాగా సరిపోతుంది. పత్తి పెట్టే మా ఇళ్లలో ఆషాఢ శ్రావణాలంటే చేతిలో పైస నిలవని రోజులు. విత్తనాలకు, ఎరువులకు, గుంటుక తోలినవారికి, కలుపు తీసిన కూలీలకు ఇచ్చుకుంటూ పోతే ఇంటి ఖర్చుకే వెతుక్కోవలసి వస్తుంది. ఆ నెలల్లో తగ్గింపు ఉంది కదా అని 3,300 రూపాయలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి కొంటే, పత్తి అమ్మే నవంబరు చివరికి ఐదు నెలల మిత్తి 330 రూపాయలు అవుతుంది, అంటే దుకాణం ఇచ్చిన పది శాతం తగ్గింపు పూర్తిగా మిత్తికే పోతుంది. అందుకే ఆషాఢంలోనే కొనండని అందరికీ ఒకే మాట చెప్పవద్దని నా విన్నపం.

మా పంట లెక్క వేరు. పత్తి ఏరడం దసరా, దీపావళి రోజుల్లో మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. పెట్టుబడి అప్పులు కట్టిన తర్వాత మిగిలింది ఎంతో జనవరి, ఫిబ్రవరి నెలల్లో గాని తెలియదు. ఆ మిగులు చేతిలో ఉన్నప్పుడే వచ్చే క్రిస్మస్ కానుకల్లో సగమైనా కొని పెట్టుకోవడమే రైతు ఇంటికి ముందుచూపు. అదృష్టవశాత్తు ఆ రోజుల్లో క్రిస్మస్ స్టార్లు, అలంకరణ సామాను, గ్రీటింగ్ కార్డులు మిగిలిపోయి దుకాణదారులు సగం ధరకు కూడా ఇస్తారు, చలికాలం పోతున్నందువల్ల స్వెటర్లు, శాలువాలు, రగ్గులు కూడా అడిగిన ధరకు దిగివస్తాయి. మా నాయనమ్మకు ఇవ్వవలసిన శాలువాను డిసెంబరులో కొనడం కంటే ఫిబ్రవరిలో కొనడమే మేలు అని మేము స్థిరపరచుకున్నాము.

నల్గొండ_టీచరమ్మ (నల్గొండ)

అన్నా, మీరు వేసిన మిత్తి లెక్క నన్ను నిజంగా ఆలోచింపజేసింది. మా ఆడపడుచు వాళ్లది కూడా వ్యవసాయ కుటుంబమే. మేమందరం కలిసి ఆషాఢంలోనే కొందామని ఆమెను ఒత్తిడి చేయకూడదని ఇప్పుడు అర్థమైంది. ఆమె వంతు పత్తి అమ్మిన తర్వాత కలుపుకుంటాము.

పోచంపల్లి_మగ్గం (భూదాన్ పోచంపల్లి)

నమస్కారం. మాది చేనేత కుటుంబం. 150 రూపాయలలో ఇక్కత్ కానుక ఎక్కడ దొరుకుతుందని చాలామంది ముందే వెనక్కి తగ్గుతారు, ఎందుకంటే పోచంపల్లి అనగానే వారికి పట్టుచీరే గుర్తుకు వస్తుంది. నేత నేసే ఊళ్లలో థాను చివర మిగిలే కట్ పీసులు, రైక బట్టలు, దస్తీలు, చిన్న తువ్వాళ్లు, దిండు గలీబులు ఉంటాయి. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెంలో నూలు ఇక్కత్ దుప్పట్లు, గలీబులు ఎక్కువగా నేస్తారు. వీటిలో చాలా వస్తువులకు కొలత సమస్య ఉండదు కాబట్టి ఆరు నెలల ముందు కొన్నా ఇబ్బంది లేదు.

ముందుగా చెప్పడం వల్ల మాకు కలిగే మేలును కూడా గమనించండి. ఇక్కత్‌లో రంగు అద్దేది నేసిన బట్టకు కాదు, నూలుకు. గీసుకున్న నమూనా ప్రకారం నూలుకు ముడులు కట్టి, ఒక్కొక్క రంగులో ముంచి, ఆరబెట్టి, ముడులు విప్పి, ఆ తర్వాతే మగ్గం మీదికి ఎక్కిస్తాము. ముడులు కట్టే ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పుతూ పోయే ఆసు పోయడం అనే పని ఒకప్పుడు ఇంట్లో ఆడవారి భుజాలను అరగదీసేది. చింతకింది మల్లేశం గారు తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం వచ్చిన తర్వాత అది తేలికైంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇళ్లన్నింటిలో పండుగ చేసుకున్నాము. అయినా మిగతా పనులకు పట్టే కాలం పట్టక తప్పదు. వర్షాకాలంలో గుంత మగ్గాల్లోకి చెమ్మ చేరుతుంది, అద్దిన నూలు త్వరగా ఆరదు. అందువల్ల డిసెంబరు మొదటి వారంలో వచ్చి ఫలానా రంగులో ముప్పై కావాలంటే మేము ఇవ్వలేము, ఆగస్టులో చెబితే ఇవ్వగలము.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుండి జరుపుకుంటున్నాము. ఆ రోజుల్లో చేనేత ప్రదర్శనలు, సహకార సంఘాల దుకాణాల్లో రాయితీలు ఉంటాయి కాబట్టి జీతగాళ్లకు అది మంచి అదను. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మార్కెట్లో ఇక్కత్ నమూనాను అచ్చు వేసిన బట్టను కూడా పోచంపల్లి అని అమ్ముతున్నారు. బట్టను తిరగేసి చూడండి. నూలుకే రంగు అద్ది నేసినదైతే రెండు వైపులా నమూనా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అచ్చు వేసినదైతే వెనుక వైపు వెలిసినట్టుగా ఉంటుంది. నమూనా అంచులు కొంచెం చెదిరినట్టు, ఈకల్లాగా కనిపించడం లోపం కాదు, అది చేతిపని గుర్తు.

గద్వాల_కోడలు (గద్వాల)

మగ్గం అన్నగారి మాటకు నాది కొంత చేర్పు. పెద్దవారికి చీరే పెట్టాలన్న పట్టింపు మా ఇంట్లో ఉంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును మగ్గం మీదే కలుపుతారు, ఆ పనికి తగిన ధర ఉంటుంది, అది 150 రూపాయల లెక్కలోకి రాదు. అందుకే మేము నలుగురు తోడికోడళ్లం తలా కొంత వేసుకుని, అత్తయ్యగారికి ఒక్క చీర మాత్రమే అందరి తరఫున పెడుతున్నాము. నలుగురూ నాలుగు చౌక చీరలు పెడితే ఆమె బీరువాలో మడతలు పెరగడం తప్ప కట్టింది లేదు. అంత ఖర్చు వద్దనుకునేవారు నారాయణపేట నూలు చీర చూడండి. గళ్లతో, వేరే రంగు అంచుతో, రోజూ కట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం కావడం చౌక కానుకల విషయంలో చాలా పెద్ద మార్పు. నారాయణపేటకో పోచంపల్లికో వెళ్లి తగ్గించుకునే సొమ్ము ఇదివరకు బస్సు చార్జీలకే సరిపోయేది. ఇప్పుడు ఆధార్ కార్డు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్లం వెళ్లి, నేసే ఊరిలోనే చూసి, బేరమాడి తెచ్చుకుంటున్నాము. అయితే నేతగాళ్ల దగ్గర మరీ గీచి గీచి బేరమాడకండి, వారి కూలి ఎంత తక్కువో మగ్గం అన్నగారిలాంటి వారు చెప్పుకోరు.

వనపర్తి_సండేస్కూల్ (వనపర్తి)

నేను మా సంఘంలో సండే స్కూలు నడుపుతున్నాను. నలభై మంది పిల్లలకు కానుకలు సమకూర్చే బాధ్యత నాది, అది కూడా సంఘస్తుల చందాతోనే. నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే: పిల్లలు ఒకరి చేతిలోది ఒకరు చూసుకుంటారు. ఒకరికి పెద్దది, ఒకరికి చిన్నది ఇస్తే, ఆ పసిమనసు ఎంత నొచ్చుకుంటుందో ఇచ్చిన మనకు తెలియదు. డిసెంబరు చివర్లో కొంటే ఒకే రకం నలభై దొరకవు కాబట్టి ఈ తేడా తప్పదు. ముందుగా డజన్ల లెక్కన కొంటే అందరికీ ఒకటే ఇవ్వవచ్చు.

బడులు తెరిచిన జూన్‌లో కంపాస్ బాక్సులు, టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు, డ్రాయింగ్ పుస్తకాలు మంచి ధర పలుకుతాయి. ఆగస్టు నాటికి ఆ గిరాకీ తగ్గి, మిగిలిన సరుకును దుకాణదారులు వదిలించుకోవాలని చూస్తారు. నేను అప్పుడే కొంటాను. స్టీలు టిఫిన్ డబ్బాలకైతే హైదరాబాదు బేగంబజారు టోకు దుకాణాలే చవక, మూత మీద పిల్లవాడి పేరు చెక్కించి ఇస్తే వాడు దాన్ని పోగొట్టుకోడు. మైనపు క్రేయాన్లు మాత్రం ఫిబ్రవరిలో కొనకండి, మన ఎండాకాలం దాటేసరికి అన్నీ కరిగి ఒకదానికొకటి అంటుకుపోతాయి. బుడగలు, రబ్బరు బంతులు కూడా ఎక్కువ కాలం నిలవ ఉండవు.

ఆటవస్తువుల గురించి తల్లిదండ్రులు జాగ్రత్త పడాలి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే ఆటవస్తువులకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కురుమూర్తి జాతరలో, వారం అంగళ్లలో ఇరవై, ముప్పై రూపాయలకు దొరికే ప్లాస్టిక్ బొమ్మలు చాలావాటి మీద ఆ గుర్తు కనిపించదు. మూడేళ్ల లోపు పిల్లలకు ఊడిపోయే చిన్న ముక్కలున్నవి గాని, గుండీ లాంటి బ్యాటరీ సులువుగా బయటికి వచ్చేవి గాని ఎంత చౌకైనా కొనవద్దు. ఆ బ్యాటరీని మింగితే అన్నవాహిక లోపల కాలిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

నాగర్‌కర్నూల్_నుండి_హైదరాబాద్

ఆన్‌లైన్‌లో కొనేవారి కోసం ఒక విషయం చెబుతాను. కరెంటు వస్తువులకు, ఇయర్‌ఫోన్లకు, గడియారాలకు వారంటీ కొన్న రోజు నుండే మొదలవుతుంది, ఇచ్చిన రోజు నుండి కాదు. జూలైలో కొని డిసెంబరులో ఇస్తే ఏడాది వారంటీలో ఐదు నెలలు మన బీరువాలోనే అయిపోతాయి. కాబట్టి అలాంటివి నవంబరు చివరి దాకా ఆపండి, బిల్లును కూడా కానుకతో పాటు ఇవ్వండి. వాపసు గడువు కూడా సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది. కానుకే కదా అని డబ్బా విప్పకుండా దాచిపెడితే, లోపల పగిలిపోయిన వస్తువుందని డిసెంబరులో తెలిసినా చేసేదేమీ ఉండదు. పార్సిల్ అందిన రోజే విప్పి, పనిచేస్తుందో లేదో చూసి, మళ్లీ సర్దిపెట్టండి. పుస్తకాలు ఇవ్వాలనుకుంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌కు రండి, ఎదిగే పిల్లలకు నిఘంటువులు, కథల పుస్తకాలు ముఖవెలలో చాలా తక్కువకే దొరుకుతాయి.

మిర్యాలగూడ_అమ్మమ్మ (మిర్యాలగూడ)

బిడ్డలారా, మీ అందరి మాటలు చదివాను. కొనడం సగం పని, దాచడం మిగతా సగం. ఆషాఢంలో కొన్న బట్ట మీద వర్షాకాలం పూర్తిగా గడవాలి. సందూకలో అడుగున పాత నూలు చీర పరిచి, ఎండబెట్టిన వేపాకును పల్చని గుడ్డలో మూటకట్టి మూలల్లో పెట్టండి. జరీ ఉన్న చీరల దగ్గర కలరా ఉండలు పెట్టకండి, జరీ నల్లబడుతుంది. పట్టుచీరను ప్లాస్టిక్ కవరులో ఉంచవద్దు, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, మధ్యలో ఒకటి రెండుసార్లు మడత మార్చండి, లేకపోతే మడత దగ్గరే చీర చిరుగుతుంది. ప్రతి మూట మీద పేరు రాసిన చీటీ కుట్టండి. డిసెంబరులో దీపం కింద కూర్చుని ఇది ఎవరిదని తలపట్టుకోవలసిన అవసరం ఉండదు.

చిన్నపిల్లలకు కుట్టిన బట్టలు ఆరు నెలల ముందు కొనవద్దు. పిల్లలు వానకు మొలిచిన గడ్డిలా ఎదుగుతారు. బట్ట మాత్రం ఇప్పుడు కొని, దీపావళి దాటగానే దర్జీకి ఇవ్వండి. దసరాకు ముందు అతనికి తీరిక ఉండదు, డిసెంబరు వస్తే అసలే పట్టడు.

ఇక డబ్బుతో కొనవలసిన పని లేని కానుకలు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో పెట్టిన మామిడి తొక్కు డిసెంబరుకు బాగా ఊరి ఉంటుంది, గాజు సీసాలో నింపి, మూతకు మిగిలిన రైకబట్ట ముక్క కట్టి ఇస్తే పట్నంలో ఉన్న కోడళ్లు ఎంతో సంతోషిస్తారు. తడి గరిటె తగలకుండా, నూనె పైకి తేలి ఉండేలా చూసుకుంటే చాలు. మార్చిలో కొట్టించిన కారం, ఆ రోజుల్లోనే కొట్టి గింజ తీసిన చింతపండు కూడా అంతే. దేవరకొండ తమ్ముడూ, మీ ఇంట్లో కందులు పండుతాయి కదా, జనవరిలో పట్టించిన పప్పును బాగా ఎండబోసి దాస్తే రెండేసి కిలోల సంచులు ఎవరికైనా ఇవ్వవచ్చు, దానికి మిత్తి లేదు. గరిజెలు, మురుకులు, అరిసెలు మాత్రం పండుగ వారంలోనే చేయండి.

మా వయసువారికి ఏమివ్వాలని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. పెద్ద అక్షరాల బైబిలు గాని, పెద్ద అక్షరాల కీర్తనల పుస్తకం గాని ఇవ్వండి. కళ్లు ఆనక చర్చిలో పుస్తకం మూసి కూర్చునేవారు మా వరుసలో ఎందరో ఉన్నారు.

దేవరకొండ_పత్తిరైతు (దేవరకొండ)

అమ్మమ్మగారూ, పప్పు సంచుల ఆలోచన మా ఇంట్లో అందరికీ నచ్చింది. చేను గట్టున వేసిన కందులను ఇన్నాళ్లూ ఇంటి వాడకానికే అనుకున్నాము. హైదరాబాదులో ఉన్న మా చెల్లెకు, బావకు ఈసారి అవే ఇస్తాము. కార్గోలో వేస్తే బస్సు మీదే చేరతాయి.

పాలమూరు_లెక్కలు (మహబూబ్‌నగర్)

టీచరమ్మ గారూ, మీ జాబితాలో ఇరవై రెండు పేర్లకు ఇరవై రెండే కొనకండి. జూలైకి, డిసెంబరుకు మధ్య ఇంట్లోకి కొత్త కోడలు రావచ్చు, ఎవరికైనా బిడ్డ పుట్టవచ్చు, పండుగనాడు అనుకోని అతిథి కూర్చోవచ్చు. ఎవరికైనా సరిపోయే దస్తీల జతో, చిన్న స్టీలు డబ్బాయో రెండు మూడు అదనంగా ఉంచుకోండి. మిగిలితే మరుసటి ఏడాది జాబితాలో మొదటి వరుసలోనే అవి చేరతాయి. మా పాలమూరులో ముంబైకి, పుణెకు పనికి వెళ్లినవారు పండుగకు వస్తారో రారో చివరి వారం దాకా తెలియదు. వచ్చినవారికి చేతిలో పెట్టడానికి ఏమీ లేకపోవడం చాలా బాధగా ఉంటుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నల్గొండ_టీచరమ్మ (నల్గొండ)

అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి కూర్చుని జాబితా రాశాను. ఆడవారు తొమ్మిది మందికి ఇక్కత్ రైకబట్టలు, మగవారు ఆరుగురికి తువ్వాళ్లు, పిల్లలు ఐదుగురికి పేరు చెక్కించిన టిఫిన్ డబ్బాలు, మామగారికి పెద్ద అక్షరాల కీర్తనల పుస్తకం. అత్తయ్యగారికి మాత్రం ఆడపడుచులతో కలిసి నారాయణపేట చీర తీసుకుంటాము, ఆడపడుచు వంతు పత్తి అమ్మిన తర్వాతే. మగ్గం అన్నగారూ, తొమ్మిది రైకబట్టలు వేర్వేరు రంగుల్లో కావాలంటే మీకు ఎప్పటిలోగా చెప్పాలి?

వనపర్తి_సండేస్కూల్ (వనపర్తి)

నాకు కూడా నలభై దస్తీలు కావాలి. అన్నీ ఒకే నమూనాలో, ఒకే రంగులో ఉండాలి.

పోచంపల్లి_మగ్గం (భూదాన్ పోచంపల్లి)

టీచరమ్మ గారూ, మీవి కట్ పీసుల్లోనే చూసుకోవచ్చు, ముందుగా చెప్పవలసిన పని లేదు. చేనేత దినోత్సవం వారంలో ఇంకొకరిని వెంటబెట్టుకుని రండి, తొమ్మిది రంగులు మీరే ఏరుకోవచ్చు. ఒక్కొక్క ముక్కనూ విప్పి పొడవు కొలిచి చూసుకోండి, థాను చివరివి కాబట్టి కొన్ని పొట్టిగా ఉంటాయి, లావుపాటివారికి చేతులకు చాలవు. సండే స్కూలు వారివి మాత్రం మగ్గం మీద పెట్టవలసినవే. రంగు ఏదో, ఎన్ని అంగుళాల చదరమో ఆగస్టు నెలాఖరులోగా రాయండి, నూలు ఒకేసారి అద్దిస్తేనే నలభైకీ ఒకే ఛాయ వస్తుంది. తర్వాత ఇంకో ఐదు కావాలంటే ఆ ఛాయ కలవదు, కనుక పిల్లల సంఖ్యను ఇంకోసారి సరిచూసుకుని, నాలుగైదు ఎక్కువే చెప్పండి.